ఎడమ పెట్టె మోగడం లేదు

అరవై ఒకటో ఏట ఎవరికైనా మోకాళ్ళ నొప్పులు వస్తాయి, షుగరు వస్తుంది. నాకు కుళ్ళు వచ్చింది. అదీ నేను కళ్ళతో చూడని ఒక ఆడదాని మీద. ఆమె పేరు పాండీశ్వరి, ఊరు మదురై, పని పాత వాల్వ్ సెట్లు బాగుచేయడం. కుళ్ళుకున్నానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది, అదీ చెబుతాను.

ముందు ఆ సెట్టు సంగతి. మాది పొల్లాచ్చి పక్కన కొబ్బరితోపు, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వాల్పారైలో ఒక టీ ఎస్టేటు బంగళా ఖాళీ చేస్తుంటే మా మామగారు అక్కడి నుంచి ఒక స్టీరియో ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు, రికార్డు ప్లేయరు లారీలో వేసుకొచ్చాడట. ఇప్పటి సెట్లలాంటిది కాదు అది. నెత్తిమీద గాజు వాల్వులు వరసగా ఉంటాయి. స్విచ్చి వేశాక అవి కాగి ఎర్రబడేదాకా పాట రాదు. ఆ కాసేపూ మా ఆయన కృష్ణస్వామి దానికేసి చూసే చూపు పెళ్ళిచూపుల్లో నాకేసి కూడా చూడలేదు. సవతి పోరు ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, రోజూ మెత్తని గుడ్డతో దాని దుమ్ము తుడిచింది మాత్రం నేనే.

సాయంత్రం ఆరింటికి హాల్లో ఊంజల్ మీద కూర్చుని నాదస్వరం రికార్డు వినడం మా ఇద్దరి అలవాటు. ఊంజల్ అంటే గొలుసులకు వేలాడే టేకు ఉయ్యాల బల్ల. పెళ్ళినాడు మా అత్త నన్ను ఆ బల్ల మీద ఆయనకు ఎడమపక్కన కూర్చోబెట్టి, "ఇది నీ చోటు నాగమ్మా, పోగొట్టుకోవద్దు" అంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా పోగొట్టుకోలేదు. మా గోకుల్ చిన్నప్పుడు అక్కడెక్కి కూర్చుంటే రెక్క పట్టుకుని దింపాను. కన్నకొడుకని కూడా చూడలేదు. పక్కవీధిలో ఉండే ఆడపడుచు చిన్నత్తాయి రోజూ వస్తుంది, ఆమె కూడా అన్నకు కుడిపక్కనే కూర్చుంటుంది. గుళ్ళోనైనా, పెళ్ళిలోనైనా, బస్సులోనైనా ఆయన ఎడమపక్క నాది. ఊళ్ళో అందరికీ ఈ సంగతి తెలుసు, నవ్వుకుంటారు కూడా.

మా ఆయన చెవి గురించి కూడా చెప్పాలి. అటక మీద ఏడాదిపాటు ఆరబెట్టిన కాయ లోపల కురిడీ అయిందో లేదో చెవి దగ్గర ఒక్కసారి ఊపి చెప్పేస్తాడు. ఆయన అవునన్న కాయ పగలగొడితే పచ్చిగా ఉన్న రోజు నేను చూడలేదు. పెళ్ళిళ్ళలో ఆయన ముందు వరసలో కూర్చుంటే నాదస్వరం వాళ్ళు శ్రుతి ఇంకోసారి సరిచూసుకుంటారు. కొబ్బరి వ్యాపారంలో ఆయన్ని అందరూ చెవి నాయుడనే అంటారు. ఆ పేరు పిలిస్తే ఆయన మీసం కొంచెం పైకి లేస్తుంది.

మొన్న ఎండాకాలం, చిత్తిర నెలలో ఒక సాయంత్రం, రికార్డు సగంలో ఉండగా ఆయన ఊంజల్ దిగి సెట్టు దగ్గరికి పోయాడు. పెట్టెల మధ్య నిలబడి విన్నాడు. తీగలు పీకి మళ్ళీ పెట్టాడు.

"ఎడమ పెట్టె మోగడంలే" అన్నాడు.

నాకు బాగానే మోగుతున్నట్టుంది. కానీ చెవి నాయుడు మోగడం లేదన్నాక మధ్యలో నా చెవి ఎంత? ఆయన స్విచ్చి తీసేసి సెట్టు మీద తువ్వాలు కప్పాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో సాయంత్రం ఆరు మూగపోయింది.

తరవాత నెలరోజులు దాన్ని బాగుచేసేవాడి కోసం వెతుకులాట. కోయంబత్తూరులో మూడు కొట్లు తిరిగాడు. మొదటి కొట్టతను వాల్వు అంటే నీళ్ళ మోటారు వాల్వు అనుకుని పక్కవీధి చూపించాడు. రెండో కొట్లో కుర్రాడు, "లోపలిదంతా తీసేసి కొత్త బోర్డు పెట్టేద్దాం సార్, ఫోనులోంచి బ్లూటూత్‌లో పాట వస్తుంది, పైన ఈ గాజుబుడ్లు అలంకారానికి వెలుగుతా ఉంటాయి" అన్నాడట. మా ఆయన వాణ్ణి కొట్టకుండా వచ్చినందుకు మరుదమలై మురుగనికి మొక్కుకున్నాను. మూడో కొట్లో ఆ పని తెలిసిన ముసలాయన పోయి నాలుగేళ్ళయింది, కొడుకు సెల్‌ఫోను తొడుగులు అమ్ముకుంటున్నాడు. ఆ కొడుకే చెప్పాడు, మదురైలో మేల మాసి వీధి సందులో ఒకరున్నారని, వాల్వ్ సెట్టు పట్టేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరని.

ఒక గురువారం తెల్లారగట్ల ఆయన సెట్టును దుప్పట్లో చుట్టి బస్సెక్కాడు. సాయంత్రం చేతులూపుకుంటూ వచ్చాడు. "అక్కడే పెట్టి వచ్చా. మళ్ళీ వారం రమ్మన్నారు" అన్నాడు. ముఖం వాడిపోయి ఉంది. సెట్టు మీద బెంగ అనుకుని రసం అన్నం పెట్టాను.

మళ్ళీ గురువారం పోయాడు. ఆ పై గురువారమూ పోయాడు. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. సెట్టు మాత్రం రాలేదు. ఏమైందంటే "వాల్వు దొరకాల" అనేవాడు. ఒకరోజు ఆయన స్నానానికి పోతే బల్ల మీద ఫోను మోగింది. తెర మీద పేరు పడింది, పాండీశ్వరి. నేను ఎత్తాను. "అన్నా, ఈ వారం పదకొండుకే వచ్చేయండి, ఆలస్యం చేయొద్దు" అంది ఒక ఆడగొంతు, శుభ్రమైన మన తెలుగులో. నేను మాట్లాడకుండా పెట్టేశాను.

మెకానిక్ ఆడదని ఆయన ఒక్కసారైనా చెప్పాడా? చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అన్నా అని పిలిస్తే సరిపోయిందా, అన్నా అంటూనే సంసారాలు కూల్చినవాళ్ళు లేరా? రోజంతా ఇవే ప్రశ్నలు నా బుర్రలో తిరిగాయి. ఆ సాయంత్రం ఊంజల్ మీద నా చోట్లో కూర్చుని నెమ్మదిగానే అడిగాను. పెళ్ళినాటి నుంచీ ఆయన్ని మామా అనే పిలుస్తాను.

"మామా, ఆ మదురై మెకానిక్ ఎవరు?"

ఆయన గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను ఇంకోసారి అడగలేదు. ఒకసారి అడిగితే చెప్పనివాడిని రెండోసారి అడగడానికి నేనేం బిచ్చగత్తెనా?

అప్పుడే చిన్నత్తాయి వచ్చి ఆయనకు కుడిపక్కన కూలబడింది. "అన్నా, గోకుల్ ఫోను చేసినాడా?" అంది. "చేసినాడు, ఆదివారం వస్తాడంట" అన్నాడు వెంటనే, నవ్వుతూ కూడా. చెల్లెలికి జవాబుంది, పెళ్ళానికి లేదు.

అప్పటి నుంచి లెక్కపెట్టినట్టు గమనించాను. ఊంజల్ మీద నేనేం చెప్పినా ఆయనకు పట్టదు. ఇటు తిరిగి చూడడు. అదే ఫోను వస్తే పెరట్లోకి పోయి, కొబ్బరి పీచు కుప్ప దగ్గర నిలబడి తల ఊపుతూ మాట్లాడతాడు. అటక మీద కాయలు చూడ్డం మానేశాడు, ఆ పని ఆదివారాలు వచ్చే గోకుల్‌కు అప్పగించాడు. చెవి నాయుడికి కాయల మీద కూడా మనసు లేదంటే ఆ మనసు ఎక్కడికి పోయినట్టు?

చిన్నత్తాయితో చెప్పుకున్నాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె నిప్పు చూస్తే నూనె వెతుక్కునే రకం.

"వదినె, మొగోడు వారం వారం మదురై పోతా ఉంటే మీనాక్షమ్మ దర్శనానికే అనుకోవద్దు" అంది. "ఆమెకు వయసెంతంట?"

"నాకేమి తెలుసు."

"తెలుసుకో. సుమ్మా ఊరికే కూర్చుంటే చోటు పోతాది."

ఆ మాట నన్ను పొడిచింది. నాకు డబ్బు పోతే ఏడుపు రాదు, నగ పోతే రాదు. ఆ చోటు పోతే మాత్రం నేను బతకలేను. మరుసటి గురువారం తెల్లారగట్ల ఆయన చొక్కా వేసుకునేసరికి నేను పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"నువ్వెక్కడికి?" అన్నాడు.

"మదురైకి. సెట్టు చూడాల."

ఆయన ముఖం తెల్లబోయింది. వద్దనలేదు. ఆ తెల్లబోవడం చూసి, చిన్నత్తాయి చెప్పిందంతా నిజమేననుకున్నాను.

బస్సులో ఆయన ఎడమపక్కనే, కిటికీ దగ్గర కూర్చున్నాను. పళని దాటేదాకా నోరు బిగబట్టుకున్నాను. తరవాత ఆగలేదు. బయట పొలాలకేసి చూస్తూ, బస్సులోవాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించి అడిగాను, "ఆ పాండీశ్వరి అందంగా ఉంటాదా?" ఆయన ముందు సీటు కమ్మీ పట్టుకుని తిన్నగా చూస్తున్నాడు. "నాకంటే చిన్నదా? నన్ను వదిలేద్దామనుకుంటా ఉండారా? అదైనా చెప్పండి." ఆయన కనురెప్ప కదల్లేదు. "చెవిటోడి ముందర శంఖం ఊదినట్టుంది నా బతుకు" అన్నాను. కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకున్నాను. కాసేపయ్యాక ఆయన ఇటు తిరిగి, "ఒట్టన్‌ఛత్రం వస్తా ఉండాది, కాఫీ తాగుతావా?" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో నన్ను ఇంత చులకన చేసిన మాట ఇంకొకటి లేదు. తాగనన్నాను.

మేల మాసి వీధి సందులో ఒక ఇరుకు మెట్ల మీద మేడ గది. గోడల నిండా పాత రేడియోలు. ఆ గదిలో పాండీశ్వరి కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. నుదుటి మీదకు ఎత్తి పెట్టుకున్న లావు కళ్ళద్దాలు, సోల్డరింగ్ కడ్డీ తగిలి కాలిన వేళ్ళ కొసలు, జుట్టు ముడిలో గుచ్చిన స్క్రూడ్రైవరు. అందగత్తె అయినా బాగుండేది. అందమైతే తిట్టుకోవచ్చు. ఈమెను దేన్ని చూసి తిట్టను?

"రండి వదినె" అంది, నన్ను ఎప్పటి నుంచో ఎరిగినట్టు. "అన్న మీ గురించి శానా చెప్పినారు."

తరవాత ఆమె చేసిన పని చూడండి. నా కళ్ళముందే మా ఆయన చెయ్యి పట్టుకుని, బల్లకు ఇవతల ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన కుడిపక్కన తన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన ఎక్కడ కూర్చోవాలో ఆమె చెబుతోంది. ఆయన కూర్చున్నాడు. "ఆకలి అవుతా ఉండాదా? రాత్రి నిద్ర పట్టినాదా? తల తిరగడం తగ్గినాదా?" అని ఆమె గొణుగుతున్నట్టు అడుగుతుంటే ఒక్కొక్కదానికీ ఒద్దికగా జవాబు చెప్పాడు. ఏదో అంటే నవ్వాడు. మా ఇంట్లో మూడు నెలలుగా వినబడని నవ్వు. నేను ఆయన ఎడమపక్కన చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాను. నేను ఉన్నట్టు కూడా ఎవరికీ గుర్తులేదు. ఆ స్క్రూడ్రైవరు ఆమె జుట్టులోంచి లాగి కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

ఆయన నా ముఖం చూసి లేచాడు. "కాఫీ చెప్పి వస్తా" అని మెట్లు దిగిపోయాడు. ఆయన చెప్పుల చప్పుడు తగ్గేదాకా ఆగాను.

"సెట్టు ఎప్పుడిస్తావు?" అన్నాను.

పాండీశ్వరి కళ్ళద్దాలు కిందికి దించుకుంది. బల్ల మీద తువ్వాలు తీసింది. కింద మా సెట్టు ఉంది, మెరుస్తూ. స్విచ్చి వేసింది. వాల్వులు ఎర్రబడ్డాయి. గోడకున్న రెండు పెట్టెల్లోంచీ నాదస్వరం వచ్చింది. నేను ముందు ఎడమ పెట్టె దగ్గరికి, తరవాత కుడి పెట్టె దగ్గరికి పోయి చెవి పెట్టాను. రెండూ మోగుతున్నాయి.

"దీనికి మొదటి రోజు నుంచీ ఏమీ లేదు వదినె. దుమ్ము తుడిచినా, అంతే."

"అయితే ఈ రెండు నెలలూ ఆయన ఇక్కడికి ఏమిటికి వస్తా ఉండాడు?"

"ఆయన్నే అడగండి. నేను చెప్పనని మాట ఇచ్చినా."

"నా మొగుడి మాట నీ దగ్గర దాచుకునేదా?" అన్నాను. "నువ్వెవరు దాయడానికి?"

ఆమెకు కోపం రాలేదు. సెట్టు స్విచ్చి కట్టేసింది.

"అడగండి వదినె. కానీ ఈ పక్క నా కుర్చీలో కూర్చుని అడగండి. మీరు ఎప్పుడూ ఆ పక్కనే ఉంటారంటగదా, అన్న చెప్పినారు."

అర్థం కాలేదు. ఆమె చెప్పిందని కాదు, నిలబడే ఓపిక లేక ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆయన కాఫీలు పట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మొదటిసారి నేను ఆయనకు కుడిపక్కన ఉన్నాను. ఆయన ముఖం ఈ వైపు నుంచి వేరే మనిషిలా ఉంది, ఈ చెంప మీద ఒక మచ్చ ఉంది, ఇన్నేళ్ళు దాన్ని సరిగ్గా చూడనే లేదు. బస్సులో అడిగినంత గొంతుతోనే అడిగాను.

"మామా, నన్ను వదిలేద్దామనుకుంటా ఉండారా?"

ఆయన కాఫీ బల్ల మీద పెట్టి నా వైపు తిరిగాడు.

"ఏం మాట నాగూ అది? ఎవరన్నారు?"

"నేనే అన్నా. పొద్దున బస్సులో. అదే గొంతుతో."

ఆయన పాండీశ్వరి వైపు చూశాడు. ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. అప్పుడు చెప్పాడు. మొదటి రోజు ఆమె ఎడమ పెట్టె తీగ కుడికి, కుడిది ఎడమకు మార్చిందట. అయినా ఎడమ పెట్టె మోగడం లేదన్నాడట. ఆఖరుకు ఆమె ఆయన్ని స్టూలు మీద వెనక్కి తిప్పి, గోడకు ముఖం పెట్టి కూర్చోబెట్టిందట. అప్పుడు ఆయనే అన్నాడట, ఇప్పుడు ఎడమది మోగుతోంది, కుడిది మోగడం లేదని. అంతే, ఆ మాట తన నోటి నుంచి తానే విన్నాడు. సెట్టు బాగుంది. ఎడమ చెవి పోయింది. ఆ రోజే పాండీశ్వరి ఆయన్ని చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. వారానికొక సూది వేశారు. రెండు వారాల కిందట డాక్టరు ఆ వినికిడి ఇక రాదని చెప్పేశాడు. సెట్టు ఇంటికి తెస్తే సంగతి బయటపడుతుందని దాన్ని ఇంకా ఇక్కడే ఉంచాడు.

"ఈ మనిషికి చెప్పినారు" అన్నాను. "నాకు చెప్పలేదు."

"ఈమె కనిపెట్టింది, నేను చెప్పలేదు. ఊళ్ళో నన్ను ఏమని పిలుస్తారో నీకు తెలుసు గదా. నీకు చెప్తే నువ్వు పక్క మారతావు. నువ్వు పక్క మారితే ఏమిటికి అని ఊరంతా అడుగుతాది."

మూడు నెలలు ఆయన చచ్చిన చెవి పక్కన కూర్చుని నేను పోసిన ఏడుపంతా గుర్తొచ్చింది. పొద్దున బస్సులో అన్న శంఖం సామెత కూడా గుర్తొచ్చింది. ఆయన వినలేదు కాబట్టి ఆయనకు తగల్లేదు. తిరిగొచ్చి నాకే తగిలింది. మొదట్లో సిగ్గుపడాల్సింది వేరే ఉందన్నది ఇదే.

అలాగని కుళ్ళు పోయిందా? పోలేదు. పాండీశ్వరి మంచిదే. మంచిదని తెలిశాక ఇంకా ఎక్కువైంది. నా మొగుడి చెవి పోయిందని నాకంటే ముందు ఆమెకు తెలిసింది. ఆయన ఏ పక్కన కూర్చుంటే వినబడుతుందో నాకంటే ముందు ఆమెకు తెలిసింది. ఈ రెండింటికీ నేను చచ్చేదాకా ఆమెను క్షమించను. వచ్చేముందు నా తలలో పూలు తీసి ఆమె జుట్టులో పెట్టి, స్క్రూడ్రైవరు చేతికిచ్చాను.

తిరుగు బస్సులో సెట్టు ఆయన ఒడిలో ఉంది. సీటు దగ్గర ఒక క్షణం ఆగాను. ఎడమపక్క కిటికీ ఖాళీగా ఉంది. ఆయన నా వైపు చూడకుండా సెట్టు దుప్పటి సర్దుతున్నాడు. నేను ఆయన్ని కిటికీ వైపు జరిపి కుడిపక్కన కూర్చున్నాను. దిండుక్కల్ దాటాక చెవి దగ్గర అడిగాను.

"పాండీశ్వరి అందంగా ఉంటాదా?"

"నువ్వే చూసినావు గదా."

"మీరు చెప్పండి."

ఆయన ఆలోచించాడు. ఆలోచించకుండా ఉంటే బాగుండేది.

"నువ్వు ఈ వైపు నుంచి బాగుంటావు" అన్నాడు.

మరునాడు సాయంత్రం ఆరింటికి తువ్వాలు తీశాం. వాల్వులు కాగాయి. నేను ఊంజల్ మీద ఆయనకు కుడిపక్కన కూర్చున్నాను. బల్ల ఆ వైపు చల్లగా ఉంది, నాకు అలవాటైన పల్లం అక్కడ లేదు. రికార్డు మొదలయ్యేసరికి చిన్నత్తాయి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమి వదినె, చోటు మారినావు?"

ఆయన చెయ్యి గొలుసును గట్టిగా పట్టుకోవడం చూశాను. నావైపు చూడలేదు గానీ, ఆ చెయ్యి నా జవాబు కోసమే ఆగింది.

"ఫ్యాను గాలి ఈ పక్కకే వస్తా ఉండాది" అన్నాను.

చిన్నత్తాయి ఫ్యాను చూసింది, నన్ను చూసింది. నమ్మినట్టు లేదు. తన చోటు నేను తీసుకున్నాను కాబట్టి చుట్టూ తిరిగి ఎడమపక్కకు వచ్చి, అక్కడ కూర్చోబోయింది.

"అక్కడ కూర్చోవద్దు" అన్నాను. "అది నా చోటు."

"మరి నువ్వు కూర్చున్నది?"

"ఇదీ నాదే. నువ్వు కుర్చీ తెచ్చుకో."